ప్రకాశం గారి తెల్లగీత

దెయ్యాల మాటెత్తితే నాకు ఒళ్ళు మండేది. అనకాపల్లిలో మా లేత్ షాపుకి వచ్చి ఎవరైనా ఫలానా మలుపులో ఏదో కనపడిందని మొదలెడితే, పని అయ్యాక బయటికెళ్ళి చెప్పుకోమనేవాణ్ణి. నేను ఇనుముతో బతికేవాణ్ణి. కొలతకి దొరికితే ఉన్నట్టు, దొరక్కపోతే లేనట్టు. నా బుర్రకి అంతకుమించి ఎక్కేది కాదు.

ఇప్పుడు రాస్తున్నది కూడా ఎవర్నీ భయపెట్టడానికి కాదు. కోపం తీరక రాస్తున్నాను. ఇన్నేళ్ళయినా తీరలేదు.

ఇది 2005 ప్రాంతంలో జరిగింది. మా ఊళ్ళో ప్రకాశం గారని ఒక పెద్దాయన ఉండేవారు. ఓడల మీద ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. వస్తూ వస్తూ జపాన్ కారొకటి ఓడలో తెచ్చుకున్నారు. రెండే తలుపులు, నేలకి ఆనినట్టుండే ఒళ్ళు, వెనక్కి జారిన టాపు. ఆ కారు చర్చి ముందు ఆగితే ప్రార్థనకి వచ్చిన మగాళ్ళు సగంమంది బయటే నిలబడిపోయేవారు.

ఆయనకి ఒక అలవాటుండేది. ఏ నట్టు బిగించినా, బిగించాక దాని మీద నుంచి పక్క ఇనుము మీదకి సన్నగా తెల్లరంగు గీత గీసేవారు. నట్టు ఏమాత్రం వదులైనా గీత తెగి కనిపిస్తుంది. ఓడ ఇంజన్ల దగ్గర అలాగే చేస్తారట. కారు కింద దూరి చూస్తే ఎక్కడ చూసినా ఆ గీతలే.

ఆయన పనులు కొన్ని నా దగ్గరికి వచ్చేవి. ఒకసారి ఇరుసుకి తొడిగే బుష్ ఒకటి చేసిచ్చాను. వేలితో తిప్పి చూసి, మాట్లాడకుండా బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోయారు. బాగోలేదని ఒక్క మాట అన్నా సరిపోయేది. నలుగురి ముందూ అలా పెట్టేసి పోవడం నాకు చాలాకాలం గుచ్చుకుంది.

ఆయన పోయాక వాళ్ళావిడ ఆ కారు మా ఇద్దరికీ తక్కువ ధరకి ఇచ్చారు. ఇద్దరంటే నేనూ, మా అక్క మొగుడు నూకరాజు బావా. బావకి రేడియం స్టిక్కర్ల షాపుంది. ఊళ్ళో ఆటోల వెనక మంటలూ, గద్దలూ అన్నీ ఆయన కత్తిరించినవే. కారుని ఉన్నదున్నట్టు నిలబెట్టుకోవాలని నాకు. దాన్ని పెళ్ళికొడుకుని చెయ్యాలని బావకి. వెనక రెక్క పెట్టించాడు, సైలెన్సర్ మార్పించాడు, చక్రాలు వెడల్పువి వేయించాడు. చివరికి కారు ఇంకా కిందికి దిగాలని స్ప్రింగులు రెండేసి చుట్లు కోయించాడు. వద్దు వద్దంటూనే ఆ పనులన్నీ చేసింది నేనే. బావ మాట కాదంటే అక్క మొహం మాడుతుంది.

స్ప్రింగులు కోసి బిగించిన మర్నాడు పొద్దున్న, షాపు పక్క నా షెడ్డులో పెట్టిన కారు కింద దూరాను. నేను బిగించిన ప్రతి నట్టు మీదా తెల్లగీత ఉంది. కొత్త రంగు. సన్నటి కుంచెతో, చెయ్యి వణక్కుండా గీసిన గీత.

బావ నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. అడిగితే ఆయన నా మీదే విరుచుకుపడ్డాడు.

"ఏటిరా రమణా, నన్ను ఎర్రోణ్ణి సేత్తన్నావా? కారు కింద దూరీది నువ్వు. గీతలు నేనెందుకు గీత్తాను?"

వారం రోజులు మాటల్లేవు. ఆ వారంలో నేను విప్పి బిగించిన చోటల్లా మళ్ళీ గీత పడింది. నా షెడ్డులోకి ఎవడో వచ్చి, నా పని మీద మార్కులేసి పోతున్నాడు. నాకు భయం వెయ్యలేదు. దొరికితే నాలుగు తన్నాలనిపించింది.

ఒక ఆదివారం తేల్చేద్దామని బావని పిలిచాను. ఆయన చూస్తుండగానే వెనక చక్రాల దగ్గర ఎనిమిది నట్లు విప్పి, పాత రంగు గీకేసి, మళ్ళీ బిగించాను. షెడ్డుకి అప్పుడే కొన్న తాళం వేశాను. దాని రెండు తాళంచెవులూ నా చొక్కా జేబులోనే ఉన్నాయి. ఇద్దరం కలిసి అక్కా వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాం. పదకొండింటి నుంచి మూడింటి దాకా బావ నా కళ్ళముందే ఉన్నాడు, నేను ఆయన కళ్ళముందే ఉన్నాను. షెడ్డుకి కిటికీ లేదు. తిరిగొచ్చేసరికి తాళం వేసినట్టే ఉంది.

ఎనిమిది నట్ల మీదా గీతలున్నాయి. ఒకదాని మీద వేలు పెట్టాను. రంగు అంటుకుంది.

బావ అక్కడే నేల మీద చతికిలబడి దణ్ణం పెట్టాడు. "పెద్దాయనేరా. కారుని వదల్లేక వత్తన్నాడు," అన్నాడు. ఆరోజు నుంచీ ఆయనకి ప్రకాశం గారి మీద గురి కుదిరింది. కారు తీసే ముందు ప్రతిసారీ టార్చితో కిందకి దూరి గీతలు చూసుకునేవాడు. అన్నీ ఉంటేనే తాళం తిప్పేవాడు. ఇరవయ్యేళ్ళుగా లేత్ మీద ఉన్న నా చెయ్యి ఆయనకి ఆనలేదు. చచ్చిపోయినాయన మెచ్చుకోవాలి!

ఆ మంటతోనే ప్రకాశం గారి ఇంటికి వెళ్ళాను. మా షెడ్డు వైపు మీ వాళ్ళెవరైనా వస్తున్నారా అని కాస్త గట్టిగానే అడిగాను. ఆయన భార్య, అమ్మగారు, నొచ్చుకోలేదు. కుర్చీ వేసి కూర్చోమన్నారు. రంగు సీసా, కుంచె ఆయన పోయిన వారమే తానే పారేశానన్నారు. తర్వాత నెమ్మదిగా, "బిగిసిందా లేదా అని కాదు బాబూ ఆయన చూసేది. నమ్మొచ్చా లేదా అని. నమ్మకం లేని పని మీద ఎన్నడూ గీత పెట్టలేదు," అన్నారు.

నా బుష్ గుర్తొచ్చి ఇంకా మండిపోయాను.

తర్వాత నెలలో ముందు ఎడమ చక్రాన్ని పట్టి ఉంచే బోల్టు ఒకటి తుప్పు పట్టి వంగిపోయింది. కోసి తీయాల్సొచ్చింది. విశాఖపట్నం పాత సామాన్ల షాపులన్నీ తిరిగినా అలాంటిది దొరకలేదు. నేనే చేశాను. అక్కడ ఉండాల్సింది గట్టి ఉక్కు. నా దగ్గరున్నది విరిగిన చెరకు గానుగ షాఫ్టు ముక్క. మెత్తదని నాకు తెలుసు. గానుగనే మోసింది, కారుని మొయ్యదా అనుకున్నాను. మా దగ్గర గానుగ షాఫ్టుతో చెయ్యని వస్తువు లేదు. గేటు బందులు, ట్రాలీ పిన్నులు అన్నీ దాంతోనే. మరలు మాత్రం అద్దంలా వచ్చాయి.

ఆ బోల్టు మీద గీత పడలేదు.

మర్నాడు లేదు, ఆ మర్నాడూ లేదు. దాని చుట్టూ ఉన్న నట్లన్నిటి మీదా ఉంది. బావ కారు తియ్యనన్నాడు. స్పానర్ చేతికిచ్చి, వదులుందేమో చూసుకోమన్నాను. ఇసుమంతైనా కదల్లేదు.

"బిగువుగానే ఉందిరా. కానీ ఆయనకి నచ్చలేదు. ఇంకోటి సెయ్యి, నీకు పుణ్యముంటాది," అన్నాడు బావ.

ఆ మాటకి నాకు కళ్ళు కనపడలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. శవాలకి సర్టిఫికెట్లడిగే బతుకు నీదన్నాను. ఆయన స్పానర్ నా చేతికిచ్చేసి ఇంటికెళ్ళిపోయాడు. నాలుగు రోజులు అలాగే గడిచాయి. ఆదివారం నక్కపల్లిలో బావ మేనకోడలి ఓణీల ఫంక్షనుంది. అక్కని కారులోనే తీసుకెళ్ళాలని ఆయన ఎప్పట్నుంచో అనుకుంటున్నాడు.

శనివారం పొద్దున్న, షాపు తెరిచిన వెంటనే, బోర్డులు రాసే తెల్ల ఎనామిల్ రంగు కొంచెం తెచ్చాను. కారు కింద పడుకుని, నా బోల్టు మీద నేనే గీత గీశాను.

ఎందుకు చేశానని అడిగితే పెద్ద కారణాలేం లేవు. ఉక్రోషం. నా పనికి నేనే మార్కులేసుకున్నాను.

ఆదివారం బావ టార్చి పట్టుకుని దూరాడు. బయటికి వచ్చాక ఆయన మొహం వెలిగిపోతోంది. "ఒప్పుకున్నాడ్రా! నీ పని ఒప్పుకున్నాడు," అని నా భుజం చరిచాడు. నాకోసం అంత సంతోషించాడు. నేను టీ గ్లాసు పట్టుకుని నిలబడి, లోపల్లోపల నవ్వుకున్నాను. అక్క కొత్త చీరతో ఎక్కి, నాకు చెయ్యి ఊపింది.

నక్కపల్లి ఇంకా రెండు కిలోమీటర్లుందనగా హైవే మీద ఆ బోల్టు విరిగింది. చక్రం లోపలికి మడుచుకుపోయి కారు పొలంలోకి దొర్లింది. అక్కకి భుజం ఎముక విరిగి అతికింది. బావ కుడి మోకాలు ఇప్పటికీ వంగదు.

కారుని లారీ మీద నా షెడ్డుకే తెచ్చారు. మర్నాడు పొద్దున్న కింద దూరి చూశాను. మట్టి కొట్టుకుపోయినా నట్ల మీద గీతలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. విరిగిన నా బోల్టు తలకాయ మాత్రం శుభ్రంగా ఉంది. రంగు మరక కూడా లేదు. కిరసనాయిలు గుడ్డతో తుడిచినట్టుంది. ముందురోజే దాని మీద గీత చూసి బావ బయల్దేరాడు కదా.

ఆ వారంలో అమ్మగారు విశాఖపట్నం ఆసుపత్రికి వచ్చారు. పాపం, బత్తాయిలు పట్టుకుని, బస్సులో నిలబడి వచ్చారు. మంచం మీద నుంచే బావ ఆవిడ మీద అరిచాడు.

"గీత పెట్టి మరీ నన్ను రోడ్డెక్కించేడు మీ ఆయన! నమ్మినందుకు సంపబోయేడు!"

వార్డంతా చూస్తోంది. ఆవిడ బత్తాయిల సంచి మంచం పక్కన పెట్టి, "ఆయన అలాంటి మనిషి కాదు బాబూ," అన్నారు. తర్వాత నా వైపు చూశారు. ఏదైనా చెబుతానని చూశారో, ఊరికే చూశారో తెలీదు. నేను కిటికీ వైపు తిరిగాను. ఆవిడ తల వంచుకుని వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకి ఇల్లు ఖాళీ చేసి కోటవురట్లలో కూతురి దగ్గరకి వెళ్ళిపోయారని తెలిసింది.

ఆ తర్వాత ఆ కారు మీద కొత్త గీత ఒక్కటీ పడలేదు. నా షెడ్డులోనే కొన్నాళ్ళుండి, తుక్కుకి పోయింది.

ఆ గీతలెవరు పెట్టారో ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కదు. తాళంచెవులు నా జేబులోనే ఉన్నాయి, రంగు నా వేలికి అంటింది. అంతవరకే చెప్పగలను. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. లేవని గట్టిగా అనడం మాత్రం మానేశాను.

బావ ఈనాటికీ మోకాలు సలిపినప్పుడల్లా ప్రకాశం గారిని తిడతాడు. ఆ పేరు వినపడ్డప్పుడల్లా నామీద నాకు పుట్టే కోపం ఎంతటిదో ఎవరికీ చెప్పలేదు.

బావా, ఆయన్ని తిట్టకు. ఆ ఒక్క గీతా నాది.