నాకు ముట్టని రూపాయల మీద పన్ను

అర్జీలు పెట్టడం మొదలుపెట్టిన నాటికి నా తల ఇంకా నల్లగానే ఉండేది. నంద్యాల పన్ను ఆఫీసుకు రాశాను, కర్నూలుకు రాశాను, హైదరాబాదుకు రాశాను. ఉత్తరం ముట్టినట్టు పోస్టాఫీసు రసీదులు వచ్చాయి గానీ జవాబు ఒక్కటీ రాలేదు. ఎవరూ వినలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో నంద్యాలలో ఒక పత్తి మిల్లులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఒక ఏడాది దసరా తర్వాత అది వదిలేసి, కువైట్‌లో ఒక గోదాములో లెక్కలు రాసే పనికి పోయాను. నా భార్య ఆళ్ళగడ్డలో చర్చి బడిలో టీచరు. జీతం దినార్లలో ఇచ్చేవారు. నెలనెలా బ్యాంకు ద్వారానే ఇంటికి పంపేవాణ్ణి.

ఆళ్ళగడ్డలో ఒక బంగారం కొట్టాయన ఉండేవాడు. కువైట్‌లో అతని మనిషికి దినార్లిస్తే, ఇక్కడ ఇంటికే వచ్చి రూపాయలు ఇచ్చిపోయేవారు. బ్యాంకు కంటే దినారుకు రెండు మూడు రూపాయలు ఎక్కువే. మా ఇంటికీ వచ్చి అడిగాడు. నా భార్య వద్దంది.

"టీచరమ్మా, నీ మొగుడు ఆడ ఎండలో మాడతాంటే నువ్వు బ్యాంకోళ్ళకు దానం చేస్తాండావా" అన్నాడట.

ఆ మాట చెప్పుకుని ఊళ్ళో నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకింకా గుర్తుంది.

మరుసటి వేసవిలో సెలవు మీద వచ్చాను. పన్ను లెక్కకు ఏడాదంటే ఏప్రిల్ నుంచి మార్చి; నేను కువైట్ పోయిన ఆ ఏడాదిలో సగానికి పైగా ఇక్కడే ఉన్నాను కాబట్టి, అక్కడి జీతాన్ని కూడా రూపాయల్లోకి మార్చి ఆదాయపు పన్ను రిటర్నులో చూపాలని ఆ ఆఫీసువాళ్ళు అన్నారు. దానికి ఒక పద్ధతుంది. ఏ నెల జీతమైతే, అంతకు ముందు నెల ఆఖరి రోజున ప్రభుత్వ బ్యాంకు దినారును ఎంతకు కొన్నదో ఆ ధర వేయాలి. ఆళ్ళగడ్డ బ్యాంకులో ఆ ధరలు లేవన్నారు. నంద్యాల బ్యాంకులో మద్రాసు నుంచి తెప్పిస్తామని నా సెలవులో సగం తినేసి, చివరికి ముద్ర వేసిన కాగితం ఇచ్చారు. ఏ నెలకానెల గుణించి రిటర్ను వేశాను.

తర్వాతి సెలవుకు వచ్చినప్పుడు పన్ను ఆఫీసరు రమ్మన్నాడు. నేనూ నా భార్యా నంద్యాల బస్సెక్కి పోయాం. గదిలో ఆఫీసరు ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు, ఆ బంగారం కొట్టాయనే. మమ్మల్ని కూర్చోమన్నవాడు లేడు. ఆఫీసరు నా లెక్క చూసి, బ్యాంకు కాగితాన్ని పక్కకు తోసేశాడు.

"ఏం అన్నా, దినారు ఎంత పోతాండాది?" అని అతన్ని అడిగాడు.

అతను నా భార్య వైపే చూస్తూ బజారు ధర చెప్పాడు. ఆ ధర నాకు రాలేదని, బ్యాంకు రసీదులు చూడమని అన్నాను.

"బయట అంత ఇస్తాంటే బ్యాంకులో మార్చుకునే పిచ్చోడు యాడుంటాడప్పా?" అన్నాడు ఆఫీసరు.

"ఈడే ఉండాడు సార్, మీ ముందర నిలబడి" అంది నా భార్య.

కొట్టాయన టీ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు. నెలలన్నిటికీ ఆ ఒక్క బజారు ధరే వేసి, నేను ఆదాయం దాచానని ఆర్డరు రాశాడు. తేడా మీద పన్ను, పైన జరిమానా. పన్ను బాకీ లేదన్న కాగితం చేతిలో లేకపోతే మళ్ళీ విమానం ఎక్కనివ్వరు. కట్టేసి పోయాను. పైఅధికారికి అప్పీలు చేసుకునే గడువు నేను కువైట్‌లో ఉండగానే దాటిపోయింది.

డబ్బు పోతే పోయింది. నాకు మంట పుట్టించేది 'దాచాడు' అన్న మాట. బజారులో మార్చుకున్నవాళ్ళు రిటర్ను మొహమే చూడలేదు, వాళ్ళ మీద ఏ మాటా లేదు. పైసాతో సహా చూపినవాడి పేరు కింద ఆ మాట ఉంది. తర్వాతెప్పుడో నంద్యాల బస్టాండులో ఆ ఆఫీసరు ఎదురుపడ్డాడు. నన్ను చూసి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇప్పుడు ఆ కుర్చీలో ఎవరున్నారో నాకు తెలియదు. ఎవరైనా సరే, ఆ ఫైలు తీయండి. బ్యాంకు ముద్ర ఉన్న కాగితం కంటే టీకి వచ్చిన మనిషి నోటిమాట ఏ చట్టం ప్రకారం ఎక్కువైందో రాసి పంపండి. చెప్పలేకపోతే ఆ మాట కొట్టేసి, కొట్టేశామని రాయండి. ఆళ్ళగడ్డలో నా చిరునామా మారలేదు. నాకు జవాబు కావాలి.