తుడిచేసిన పచ్చ టిక్కు

చూడక సంతకం పెట్టినవాడికీ, చూసి కూడా చూడనట్టు సంతకం పెట్టినవాడికీ తేడా ఎంత? సంతకం అదే, కాగితం అదే, మునిగినవాళ్ళూ వాళ్ళే. మరి మొదటివాడి మీద జాలి, రెండోవాడి మీద రోత ఎందుకు కలగాలి? ఇన్నేళ్ళు గడిచినా ఈ ప్రశ్న ఒక కొలిక్కి రాలేదు. తలచుకున్నప్పుడల్లా కళ్ళ ముందుకొచ్చి నిలబడేది మాత్రం టిక్కుల మాస్టారే.

మాస్టారంటే పాఠాలు చెప్పే మాస్టారు కాదు. కంపెనీల లెక్కలు తనిఖీ చేసే ఆడిటరు. సరిచూసిన ప్రతిదాని మీదా ఆకుపచ్చ టిక్కు కొట్టి, దాని తోక కింద ఒక చుక్క పెట్టేవాడు. చుక్క లేకపోతే అది తన టిక్కు కాదనేవాడు. "పెళ్ళినాడు నా నుదుటి మీద కూడా ఒకటి కొడతారేమోనని హడలిపోయాననుకోండి" అని భార్య వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. ఆయనా నవ్వేవాడు. ఆ చుక్క మీద ఆయనకు అంత మురిపెం.

ఆయన చూసే కంపెనీల్లో పెద్దది నూలు మిల్లు. ఆయన బావమరిది, అంటే భార్య తమ్ముడు, ఆ మిల్లులోనే యంత్రాలు బాగుచేసే మెకానిక్కు. "మా బావ సంతకం పడిందంటే ఇక దానికి తిరుగులేదు" అని మిల్లంతా చాటింపు వేసేవాడు. బావ ఎదురైతే మాత్రం, "ఏం బావా, ఈసారైనా మా ఓనరు జేబులో చిల్లు కనిపించిందా?" అని ఆటపట్టించేవాడు.

లెక్కల సంవత్సరం ముగిసే రోజున మిల్లులో సరుకు లెక్కపెట్టాలి. మిల్లు వెనక ఒక గోడౌను, ఊరికి ఆ చివర ఇంకొకటి. రెండింటి నిండా పత్తి బేళ్ళే. పొద్దున మొదటి గోడౌను. వరస లెక్కపెట్టగానే చివరి బేలు గోనెపట్ట మీద పచ్చ సుద్దతో టిక్కు, కింద చుక్క. ఆ తర్వాత ఓనరుగారింట్లో భోజనం. అక్కడ కొసరి కొసరి వడ్డించేవారు. భోజనమయ్యాక కారులో రెండో గోడౌనుకి ప్రయాణం. దారిలో రైల్వే గేటు. ఏ ఏడూ అది తెరిచి ఉన్న పాపాన పోలేదు. "మళ్ళీ పడింది సార్, మన జాతకమే అంత" అని డ్రైవరు స్టీరింగు మీద తల వాల్చేవాడు. ఈయన కడుపునిండా తిన్న మత్తులో కునుకు తీసేవాడు. వేళ తప్పని మనిషని, పద్ధతి మార్చని మనిషని ఆయనకు పేరు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఏటా అదే వరసలో, అదే వేళకు వెళ్ళేవాడు. మోసం చేయదలచినవాళ్ళకు అంతకన్నా ఏం కావాలి?

ఆ ఏడు రెండో గోడౌనులో అడుగుపెట్టి, ఇంకా జేబులోంచి సుద్దముక్క తీయనైనా లేదు. ఎదురుగా ఉన్న బేలు పక్కభాగంలో పచ్చ టిక్కు కనిపించింది. తోక కింద చుక్క.

మొదట, ఎవరో తన టిక్కును కాపీ కొట్టారనుకున్నాడు. చుక్క వేలితో తాకి చూశాడు. సుద్ద ఇంకా వేలికి అంటుకుంటోంది. ఆ బేలును పొద్దున తనే లెక్కపెట్టాడు, మొదటి గోడౌనులో. అంటే తను ఓనరుగారింట్లో పెరుగు కలుపుకుంటూ ఉంటే, ఇక్కడికి లారీలు అడ్డదారిన వచ్చేశాయి. రైల్వే గేటు ఏటా పడేది జాతకం బాగోలేక కాదు, రైలు వేళ చూసుకునే కారు తీస్తున్నారు. ఉన్న సరుకే రెండుసార్లు లెక్కకెక్కుతోంది. టిక్కులన్నీ దులిపిన కూలీలు దీన్ని మాత్రం మరిచిపోయారు.

వెనక్కి తిరిగితే గోడౌను కీపరు. వాడూ ఆ టిక్కునే చూస్తున్నాడు. వాడి పెదవులు ఎండిపోయాయి.

"సార్, మంచినీళ్ళు తెమ్మంటారా?"

ఆ ఒక్క క్షణంలో ఆయనకు ఓనరు గుర్తుకు రాలేదు, ఫీజూ గుర్తుకు రాలేదు. ఎవరూ ఆయనకు లంచమివ్వలేదు, బెదిరించనూ లేదు. నోరు తెరిస్తే, ఇన్నేళ్ళుగా తన కళ్ళు కప్పారని ఊరందరికీ తెలుస్తుంది. టిక్కుల మాస్టారిని గేటు దగ్గర నిద్రపుచ్చి టోపీ పెట్టారని జనం పగలబడి నవ్వుతారు. అంతే ఆయనకు తోచింది. జేబురుమాలు తీసి ఆ టిక్కును తుడిచేశాడు. రెండుసార్లు రుద్దాడు, గోనె సందుల్లో పచ్చదనం మిగలకుండా.

"ఇక్కడ దుమ్ము బాగా ఉంది" అన్నాడు.

"ఉంటుంది సార్" అన్నాడు కీపరు. వాడి మొహంలోకి మళ్ళీ నెత్తురొచ్చింది.

వరసలన్నీ లెక్కపెట్టి, టిక్కులు కొట్టి, సంతకం పెట్టేశాడు. ఇంటికెళ్ళాక, "ఈ రుమాలుకి పచ్చరంగేమిటండీ?" అని భార్య అడిగితే, "సుద్ద" అన్నాడు. అది నిజమే కదా అని ఆయన సమాధానపడ్డాడు.

ఆ తర్వాతే మిల్లువాళ్ళు పనివాళ్ళ దగ్గర డిపాజిట్లు తీసుకోవడం మొదలుపెట్టారు. ఇల్లు కట్టుకుందామని పోగుచేసుకున్నదంతా పట్టుకుని బావమరిది సరాసరి బావ దగ్గరికే వచ్చాడు.

"నువ్వు పెట్టమంటే పెడతా బావా, వద్దంటే ఇటుకలు కొనేస్తా. ఒక్క మాట చెప్పు."

ఆ ఒక్క మాట ఆయన గొంతు దాకా వచ్చింది. "లెక్కల్లో అయితే తేడా ఏం లేదురా" అన్నాడు.

"అది చాలు నాకు!" అని బావమరిది ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

మరుసటి ఏడు సరుకు లెక్కకు ఆయన సుద్దముక్క తీసుకెళ్ళలేదు. అంతకుముందు ఆయన్ని చూడగానే చేతులు కట్టుకుని లేచి నిలబడే కీపరు, ఆ రోజు భుజం మీద చెయ్యి వేసి, "రండి రండి, మనకు మనకు ఫార్మాలిటీ ఏముంది" అన్నాడు. ఆ చెయ్యి భుజం మీద ఉండగానే ఆయన వరసలు లెక్కపెట్టాడు. ఇంటికొచ్చి ఆ చొక్కా నానబెట్టుకుని, తనే ఉతుక్కున్నాడు.

ఆ తర్వాత మిల్లు మూతపడింది, పనివాళ్ళ డిపాజిట్లన్నీ అందులోనే మునిగాయి. గేటుకు తాళం వేసి, దానికి సీలు కూడా వేశారు. కీపరు విచారణలో లారీల సంగతి చెప్పాడు కానీ రుమాలు సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో వాడికే తెలియాలి. దాంతో ఆడిటరు కూడా మోసపోయాడని తేల్చి, ఇకపై జాగ్రత్తగా ఉండమని చీవాట్లు పెట్టి వదిలేశారు. "పోన్లెండి, మీ తప్పేం లేదని తేలింది" అంది భార్య. ఆయన అన్నం సగంలో వదిలి లేచాడు.

ఒక సాయంత్రం, చెప్పేద్దామనే బయలుదేరి బావమరిది ఇంటికి వెళ్ళాడు. అద్దెకున్న రెండు గదులు. వాకిట్లో విప్పేసిన ఫ్యాన్ల రెక్కలు, రాగి తీగల చుట్టలు. బావమరిది ఇప్పుడు ఫ్యాన్లు బాగుచేసుకుని బతుకుతున్నాడు. ఫ్యాను తీసుకెళ్ళడానికొచ్చిన పక్కింటాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"రా బావా! ఏమే, బావ వచ్చాడు, టీ పెట్టు!"

పక్కింటాయన ఎగాదిగా చూశాడు. "ఓహో, ఆ సంతకం వీరిదేనా? నిద్రలో పెట్టారా ఏంటండీ?"

బావమరిది స్క్రూడ్రైవరు కింద పడేసి లేచాడు. "మాట జారకండి. మా బావను బోల్తా కొట్టించాలంటే ఎంత నాటకం ఆడాలో తెలుసా మీకు? లారీలూ, గేటూ, డ్రైవరూ, అంతమంది కలిస్తే తప్ప సాధ్యం కాలేదు. నా డబ్బు పోయింది, పోనీ. పాపం, మా బావ పేరు కూడా పోయింది. నాకన్నా ఎక్కువ నష్టపోయింది ఆయనే. తెలిసుంటే నన్ను పెట్టమనేవాడా? ఏం బావా?"

ఇద్దరూ ఆయన వైపే చూస్తున్నారు. ఆయన చెప్పాలనుకుని వచ్చింది ఈ ప్రశ్నకు జవాబే. ఇంతకన్నా సూటిగా ఎవరూ అడగరు.

"ఊఁ" అన్నాడు.

"విన్నారా?" అన్నాడు బావమరిది పక్కింటాయనతో. ఫ్యాను ఎత్తి భుజాన పెట్టుకుని, "ఇది వాళ్ళింట్లో బిగించి వస్తా బావా, టీ తాగుతూ ఉండు, కదలకు" అంటూ పక్కింటాయనతో పాటు గోడ అవతలికి వెళ్ళాడు.

మాస్టారు ఒక్కడే కూర్చున్నాడు. లోపల స్టవ్వు చప్పుడు. చేతుల్ని ఏం చేయాలో తెలియక జేబులో పెట్టుకుంటే రుమాలు తగిలింది. లేచాడు. తను ఎవరింటి నుంచీ, పగవాడింటి నుంచైనా సరే, వెళ్ళొస్తానని చెప్పకుండా లేచినవాడు కాదు. గుమ్మం వైపు తిరిగి నోరు తెరిచాడు కూడా. వెళ్ళొస్తానంటే మళ్ళీ రావాలి.

"అన్నయ్యగారూ, మీకు చక్కెర తక్కువే వేశాను" అని లోపల్నుంచి బావమరిది భార్య గొంతు వినిపించింది.

అప్పటికే ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని, గోడ నీడన సందు చివరికి నడుస్తున్నాడు.