తండ్రి కోపం

చర్చి బల్లలు బాగుచేసే వడ్రంగికి ఎడమచేతి బొటనవేలు ఎప్పుడూ నల్లగా కమిలి ఉంటుంది. సుత్తి దెబ్బ తగిలినా, పని దొరక్కపోయినా అతనిది ఒకటే మాట: “దేవుడు మనకి తండ్రి కదా, తండ్రి కోపం ఎంతసేపుంటుందిలే!” పెద్దపిల్ల జ్వరంతో పోయినప్పుడూ అదే అన్నాడు. ఏడాది తిరక్కుండానే చిన్నవాడూ పోయాడు. వాడి పెట్టెకి కూడా తనే చిత్రిక పట్టాడు, లోపల ఎక్కడా పేడు గుచ్చుకోకుండా అరచేత్తో తడిమి తడిమి చూసుకుంటూ. పూడ్చిపెట్టి ఇంటికొచ్చాక అతను మళ్లీ ఆ మాటే ఎత్తబోతే, భార్య అడ్డుపడింది.

“ఆయన కోపం చల్లారేసరికి మనింట్లో ఎవరు మిగులుతారయ్యా?”

ఆదివారం ఇద్దరూ చర్చికి వెళ్లారు. అందరూ మోకరించినా ఆమె బల్లమీదే కూర్చుంది. అతను మోకరించాడు గాని, “తండ్రీ” అన్నాక మాట పెగల్లేదు.