గొర్రెపిల్లల దొడ్డిలో మా పాప

మా నాలుగేళ్ల పాపకు ఆటిజం అని పోయిన వారం డాక్టరు చెప్పినప్పటి నుంచి చుట్టాలు తలా ఒక సలహా ఇస్తున్నారు. అన్నిటికీ తలూపి ఊరుకుంటున్నాను.

ఈ రోజు సీతారామపురం దగ్గర మా అత్తగారి ఊరికి వెళ్లాం. నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి వసారాలో పాప లేదు. పిలిస్తే పలకదని తెలిసి కూడా పేరు పెట్టి అరుస్తూ వీధి చివరిదాకా పరిగెత్తాను. ఊరి వెనక గోడలేని బావి గుర్తొచ్చి అటు మళ్లాను.

నా కేకలకు అత్త వీధి చివర ఉన్న తమ గొర్రెపిల్లల దొడ్డి తలుపు తీసింది.

"ఏందే ఆ గోల? నేనే దీన్ని ఇందులో కూర్చోబెట్టినాను. గొర్రెలు మేతకు పోతే పిల్లలు తల్లి కోసం అరస్తాయి గదా. వాటిని చూసి ఇది గూడా నిన్ను పిలస్తాదనుకున్నా."

"పిలిచిందా అత్తా?"

"లేదే. ఒక్క కేక గూడా పెట్టలా." ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది.

లోపల గొర్రెపిల్లలు ఒకటే అరుపులు. పాప రెండు చెవులూ మూసుకుని మూలన ముడుచుకుని ఉంది.

అత్తను తిట్టలేకపోయాను. ఆమె ఎత్తు సగం పారింది కూడా. తల్లి కోసం బిడ్డ అరవలేదు గానీ, బిడ్డ కోసం తల్లి ఊరంతా వినేలా అరిచింది.

ఉదయగిరి బస్సులో పాపను ఒళ్లో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పిలిస్తే పలకని బిడ్డ నిజంగానే తప్పిపోతే ఎలా వెతకాలి? తెలిసినవాళ్లు చెప్పండి. ఈ ఒక్క సలహా మాత్రం నేనే అడుగుతున్నాను.