ఇక్కడ చిన్న కుదుపు

మా వదిన ఇరవై రెండేళ్లుగా పెద్దాసుపత్రిలో స్ట్రెచరు నెడుతోంది. నేనూ పదేళ్లుగా అక్కడే, అదే పని. ఎనిమిదో తరగతిలో బడికీ నాకూ మాట పట్టింపు వచ్చి నేను బయటికి వచ్చేశాను. ఆ దెబ్బ నుంచి బడి ఇంకా కోలుకోలేదు. ఉద్యోగం ఇప్పించింది వదినే. ఆ కృతజ్ఞత కొద్దీ ఆవిడను ఏడిపించని రోజు లేదు.

ఏడిపించడానికి నాకున్న ఆయుధం దిక్కులు. నన్ను గోనెసంచిలో వేసి కుట్టేసి, పదిసార్లు గిరగిరా తిప్పి వదిలినా ఉత్తరం ఎటో చెప్పేస్తాను. ఒకసారి పొగమంచులో తప్పిపోయిన రైలుకు నేనే దారి చూపించాను. రైలు పట్టాల మీదే కదా పోయేది అని అడిగేవాళ్లు ఆ రోజు మంచు చూడలేదు.

మా ఆసుపత్రి మూడు కాలాల్లో కట్టిన మూడు భవనాలను అతికించిన వ్యవహారం. కొత్త డాక్టర్లు ఆపరేషన్ థియేటరుకని బయల్దేరి వంటగదిలో తేలుతుంటారు. అందులో వదిన దారి చెప్పే తీరు వినాలి.

"పెచ్చులూడి ఏనుగు తొండంలా కనిపిస్తుంది చూడు, ఆ గోడ దగ్గర తిరుగు. ఆకుపచ్చ తలుపు దాటు. ఎవరో పెన్సిల్‌తో పిల్లిని గీశారు, దాని తోక ఎటుంటే అటు వెళ్లు."

"ఇంత పురాణం ఎందుకు వదినా? తూర్పుకి నలభై అడుగులు, ఉత్తరానికి ఇరవై. మగాళ్ల బుర్రలో మ్యాపు ఉంటుంది."

"ఎందుకుండదూ! మీ అన్నయ్య మొదటిసారి మా ఇంటికొస్తూ పక్కవీధిలో ఎవరింట్లోనో కూర్చుని టీ తాగి, వాళ్లమ్మాయి బాగుందని చెప్పి వెళ్లాడు."

ఇలాంటప్పుడు నేను మా అన్నయ్యను మగాళ్ల లెక్కలోంచి తీసేస్తాను.

"నువ్వు చిన్నప్పుడు సైకిలేసుకుని ఊరంతా తిరిగావయ్యా," అంది ఒకసారి. "నాకు ఇల్లు, బడి, మళ్లీ ఇల్లు. పక్క సందులోకి తొంగిచూస్తే మా అమ్మ వీపు విమానం మోత మోగించేది. అందుకే ఉన్న ఆ ఒక్క దారిలో ఏ తలుపుకి ఎన్ని మేకులున్నాయో కూడా చూసిపెట్టుకున్నాను."

ఈ ఏడాది ఆసుపత్రికి రంగులేశారు. మూడు భవనాలకూ ఒకటే తెలుపు. ఏనుగు పోయింది, పిల్లి పోయింది. ఆకుపచ్చ తలుపు ఏదో తలుపులకే తెలియకుండా పోయింది.

సోమవారం, ఆపరేషనుకు తీసుకెళ్లాల్సిన పెద్దాయన్ని వదిన బట్టలుతికే గదికి తీసుకెళ్లింది. బుధవారం ఒకావిడను పావుగంట తిప్పింది. ఆవిడ భయంతో ఏడ్చేసింది. థియేటరులో డాక్టర్లు చేతులు కడుక్కుని ఎదురుచూస్తున్నారు.

సూపర్‌వైజరు చెడ్డవాడు కాదు. "ఇంకొక్కసారి తప్పితే స్ట్రెచరు ఇవ్వలేనమ్మా. దుప్పట్లు మడతపెట్టే పనుంది. జీతం అదే," అన్నాడు.

ఆ సాయంత్రం వదిన గుమ్మంలో కూలబడింది. నాతో అంది: "మత్తు ఇచ్చేముందు వాళ్లకి తెలిసిన మొహంలా కనిపించేది నేనేనయ్యా. దుప్పట్లతో ఏం మాట్లాడను?"

నేను రంగంలోకి దిగాను. రెండు రోజులు దిక్కులు నేర్పాను. తూర్పు ఎటు అంటే కిటికీ వైపు చూసింది. కిటికీ లేని చోట అడిగితే నా వైపు చూసింది.

ఆదివారం మధ్యాహ్నం ఆపరేషన్లు ఉండవు. "నేను రోగిలా పడుకుంటాను, నువ్వు నెట్టు. తప్పితే చెప్తా," అని ఖాళీ స్ట్రెచరు ఎక్కాను.

పదేళ్లుగా నెడుతున్నాను కానీ ఏనాడూ ఎక్కలేదు. పడుకుంటే కనిపించేది పైకప్పు ఒక్కటే. లైట్లు ఒకదాని వెనక ఒకటి వెనక్కి పారిపోతున్నాయి. రెండు మలుపులు తిరిగేసరికి నా ఉత్తరం నన్ను వదిలేసి ఎటో వెళ్లిపోయింది.

వరండా రెండుగా చీలే చోట వదిన ఆగింది. "ఎటయ్యా?"

ఏదో ఒక కోత కోసేద్దామనుకున్నాను. చివరికి "తెలీదు వదినా," అన్నాను. అప్పుడు చూసుకున్నాను, నా రెండు చేతులూ పక్క కడ్డీల్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఏ జబ్బూ లేని నాకే ఇంత భయం.

వదిన ఆ చేతుల్ని చూసింది. గోడల సంగతి వదిలేసింది. "ఏం కాదు నాన్నా, నేనున్నానుగా. చేతులు లోపల పెట్టుకో," అంటూ నెట్టడం మొదలుపెట్టింది. "లైటు కళ్లలో కొడుతుంది, మూసుకో... ఇక్కడ గాలి చల్లగా ఉంటుంది," అని దుప్పటి నా మెడ దాకా లాగింది. "ఇక్కడ చిన్న కుదుపు."

టక్కుమని చక్రాలు ఎగిరాయి. పాత భవనం అయిపోయి కొత్త భవనం మొదలయ్యే అతుకు అది. దాని అవతలే థియేటరు.

నేను లేచి కూర్చున్నాను. "వదినా, కుదుపు రాకముందే చెప్పావు!"

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. ఎటు తిరిగి వచ్చిందో ఆవిడకూ తెలీదు.

"బుధవారం ఆవిడతో మాట్లాడావా?"

"లేదు," అంది మెల్లగా. "ఎక్కడ తప్పుతానో అని గోడల్నే చూశాను. పాపం, ఆవిడ మొహం కూడా సరిగ్గా చూళ్లేదు."

ఇంకో మూడుసార్లు ఎక్కాను. నా కథల్లో అది ముప్ఫై. మూడుసార్లూ థియేటరే.

సోమవారం పొద్దున సూపర్‌వైజరు మలుపు దగ్గర నిలబడ్డాడు. ఏదో పనున్నట్టు ఖాళీ స్ట్రెచరు నెడుతూ నేను వెనకే నడిచాను. వదిన మా ఇద్దరినీ చూడలేదు. "మీకెంతమంది పిల్లలు బాబాయ్? కళ్లు మూసుకోండి, లైటు. కాస్త చలి... ఇక్కడ చిన్న కుదుపు." థియేటరు తలుపు తెరుచుకుంది. సూపర్‌వైజరు వెళ్లి, దుప్పట్ల పనికి వేరేవాళ్లను వెతుక్కున్నాడు.

ఆవిడకు దారి నేర్పింది నేనేనని ఆసుపత్రంతా చెప్పాను. వదిన కాదనలేదు.

ఇప్పుడు నేనూ మాట్లాడుతూనే నెడుతున్నాను. నాకు తెలిసింది రైలు కథే కనక అదే చెబుతాను. అతుకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రైలును కాసేపు ఆపి, వదిన మాట చెబుతాను.