వాల్డెలీసెను మళ్ళీ అడిగిన ప్రశ్న

సాల్వడార్ నగరంలోని పిచ్చాసుపత్రిలో జురేమా బల్లకు అవతల కూర్చోదు. కుర్చీ లాక్కుని రోగి పక్కనే కూర్చుంటుంది. జుట్టు ముడిలో పెన్సిల్ గుచ్చుకుని, ఎవరి ఒళ్ళు వాళ్ళది కాదనిపించే జబ్బును కొలిచే ప్రశ్నలు ఒక్కొక్కటే చదువుతుంది. పరాయి భాషలోంచి పోర్చుగీసులోకి తెచ్చిన ఆ ప్రశ్నలు ఇక్కడివాళ్ళకు పనికొస్తాయో లేదో తేల్చడం ఆమె పని. "మీ ఒంట్లోకి ఇంకెవరో వచ్చినట్టుంటుందా?" అని అడిగితే, అలసంద వడలు అమ్మే వాల్డెలీసె పకపకా నవ్వింది. "ఎందుకు రారు తల్లీ? గుడిలో డప్పు మోగితే సముద్రపు తల్లి పూనుతుంది. పూనకపోతేనే నాకు జబ్బు చేసినట్టు!"

జురేమా అమ్మమ్మకూ పూనేది. పెద్ద డాక్టరు మాత్రం, "అవునంది కదా, అవుననే రాసుకో. ప్రశ్న జోలికి పోకు," అన్నాడు. "అలాగైతే ఊళ్ళో సగంమందిని ఇక్కడ చేర్చుకోవాలి సార్," అని జురేమా ప్రశ్న మార్చి, మొదటి రోగి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. వాల్డెలీసె వంతు వచ్చింది. "పూజలో కాదమ్మా. మామూలప్పుడు, మీరు పిలవకుండానే, మీ ఒళ్ళు మీది కానట్టుంటుందా?"

ఈసారి వాల్డెలీసె నవ్వలేదు. రెండు చేతులూ ఒళ్ళో పరిచి, వాటి మీది బొబ్బల్ని చూసుకుంది.

"మా పిల్లాడు పోయినప్పటి నుంచీ, వడలు వేసే ఈ చేతులు ఎవరివో అనిపిస్తుంది తల్లీ. ఇవి ఎప్పుడు కాలాయో నాకే తెలీదు."