పొద్దు గీసిన హద్దు

పొలం గట్టు కోసం కొట్టుకున్నవాళ్ళను చూశాను. కాలవ నీళ్ళ వంతు కోసం తలలు పగలగొట్టుకున్నవాళ్ళ గురించి విన్నాను. మా ఊరూ, మాకు ఉత్తరాన ఉన్న పాళెమూ మాత్రం తూర్పు ఎటు అన్నదాని కోసం నరుక్కున్నాయి. నవ్వొస్తే నవ్వండి. మా తమ్ముడి కుడిచెయ్యి చూశాక కూడా నవ్వినవాళ్ళు నాకింకా తగల్లేదు.

వాకాడు దాటి సముద్రం వైపు వస్తే మావి పక్కపక్క ఊళ్ళు. రెండింటి మధ్య ఇసుకలో నడుమెత్తు రాయి ఒకటి ఉంది. ఆ రాయి నుంచి సముద్రంలోకి తూర్పుగా ఒక గీత గీశామనుకోండి, గీతకు దక్షిణం మాది, ఉత్తరం వాళ్ళది. నీళ్ళ మీద గీత నిలవదు కాబట్టి ఏటా ఉగాది దాటాక గంగమ్మకు పొంగళ్ళు పెట్టిన మర్నాడు రెండూళ్ళ పెద్దలూ తెల్లవారకముందే రాయి దగ్గర చేరతారు. పొద్దు నీళ్ళలోంచి తల ఎత్తగానే టెంకాయ కొడతారు. రాయికి ఎదురుగా సిద్ధంగా ఉన్న పడవ ఆ పొద్దుకేసి నేరుగా పోతూ, దారి పొడుగునా లంగరు కట్టిన తెల్ల బెండ్లు నీళ్ళ మీద తేలేటట్టు వదులుతుంది. మళ్ళీ ఉగాది దాకా ఆ బెండ్ల వరసే హద్దు. తాతల కాలం నుంచీ ఇంతే. దాన్ని మించిన న్యాయం ఉంటుందని ఎవరికీ తోచలేదు. పొద్దు లంచం తీసుకోదు గదా.

ఆ ఏడు ఉగాదికి సరిగ్గా వాళ్ళ ఊరి పెద్దాయన పోయాడు. మైల. మైల తీరేసరికి వేట నిషేధం వచ్చి పడవలన్నీ ఒడ్డెక్కాయి. ఇక నిషేధం అయ్యాక చూసుకుందాం అని రెండూళ్ళవాళ్ళూ అనుకున్నారు. జూన్‌లో అదే రాయి దగ్గర, అదే పద్ధతిలో టెంకాయ కొట్టారు. పడవ నడిపింది మా తమ్ముడు. వాళ్ళ తరఫున పడవలో కూర్చున్నది మా బావ. మా పెద్దక్కను ఆ పాళెం అబ్బాయికే ఇచ్చాం లెండి. బావా బావమరుదులు జోకులేసుకుంటూ పోయి, ఇద్దరూ కలిసి బెండ్లు వేసి వచ్చి, ఒకే ఆకులో పొంగలి తిన్నారు. నా కళ్ళతో చూశాను. అందుకే తర్వాత జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కొన్నాళ్ళకు వంజరం చేపల గుంపు వచ్చింది. బెండ్లకు మా వైపునే, చివరి బెండు దగ్గర, మావాళ్ళు వలలు దించారు. అది చూసి ఉత్తరంవాళ్ళకు అనుమానం పుట్టింది. చివరి బెండు దగ్గర నిలబడి ఒడ్డుకేసి చూస్తే రాయి, దాని వెనక దూరంగా ఉన్న సెల్ టవరు ఒకదాని వెనక ఒకటి కనిపించడం ఏనాటి నుంచో వాళ్ళకు అలవాటు. ఇప్పుడు రాయి ఒక చోట, టవరు ఇంకో చోట. ఇంకేముంది, మేం వాళ్ళ నీళ్ళు కాజేయడానికి రాత్రికి రాత్రి బెండ్లు జరిపామన్నారు. బెండ్లు వేసిన పడవ మా తమ్ముడిది కాబట్టి దొంగ మా తమ్ముడన్నారు. ఆ మాట మొదట అన్నది బావే.

నేను ఒడ్డున ఐస్ పెట్టెలు సర్దుకుంటున్నాను. ముందు ఇంజన్ల మోత మారింది. తల ఎత్తేసరికి వాళ్ళ పడవలు మా పడవలను డొక్కలో కుమ్ముతున్నాయి. తెడ్లు లేచాయి. మా పిన్ని కొడుకు నీళ్ళలో పడ్డాడు, పైకి తేలితే నెత్తిన మళ్ళీ ఒక దెబ్బ పడింది. బావ కత్తి తీసుకుని మా తమ్ముడి వల తాడు మీద వంగాడు. తమ్ముడు తాడును చేత్తో పట్టుకున్నాడు. కత్తి దిగింది. బావ తాడునే కోశానంటాడు, తమ్ముడు చేతినే చూసి కొట్టాడంటాడు. తాడు తెగింది, రెండు వేళ్ళూ తెగాయి. వేళ్ళు సముద్రంలో పోయాయి. తమ్ముణ్ణి ఒడ్డుకు మోసుకొస్తే నా చీర కొంగు చుట్టాను. ఎర్రగా కాదు, నల్లగా తడిసింది.

ఆ సాయంత్రమే మావాళ్ళు పాళెం మీద పడి ఒడ్డున ఆరేసిన వలలు తగలబెట్టారు. నైలాన్ వలలు కాలిన కంపు రెండూళ్ళనూ కమ్మేసింది. వాళ్ళు వచ్చి మా ఇంజన్లు గొడ్డళ్ళతో పగలగొట్టారు. దురాయి వేశారు, అంటే అవతలి ఊరివాళ్ళతో మాటా పలుకూ, ఇచ్చిపుచ్చుకోవడం ఏదీ ఉండకూడదని ఊరి కట్టుబాటు. పోలీసులు రాయి దగ్గర టెంటు వేసుకుని కూర్చున్నారు. నాయుడుపేట చేపల మార్కెట్లో వాళ్ళ ఊరి మనిషి ఒకామె నన్ను చూసి దొంగోడి తోబుట్టువంది. ఐస్ పెట్టె మూత తీసి ముఖం మీద కొట్టాను. ముక్కు పగిలింది. నాకు జాలి కలగలేదు, ఇప్పుడూ లేదు.

కానీ భయం మాత్రం ఉంది. నెల్లూరు ఆసుపత్రిలో తమ్ముడు తిండి తినడు, నిద్రపోడు. కట్టు కట్టిన చెయ్యి గుండె మీద పెట్టుకుని పైకప్పుకేసి చూస్తుంటాడు. ఒకరోజు నాతో మెల్లగా అన్నాడు.

"బయటికొచ్చినాక బావ చెయ్యి తీస్తానక్కా. వేళ్ళు గాదు, చెయ్యి."

వాడు అరిచి ఉంటే నేను పట్టించుకునేదాన్ని కాదు. మా ఇంట్లో అందరం అరుస్తాం. మెల్లగా అన్నాడు కాబట్టి చేస్తాడని తెలిసిపోయింది. అక్క మొగుడి చెయ్యి పోతుంది, తమ్ముడు జైలుకు పోతాడు, ఇద్దరు చిన్నపిల్లలతో అక్క ఏ ఊరికీ కాకుండా పోతుంది. వాడు ఆసుపత్రి నుంచి వచ్చేలోపు బెండ్లు ఎవరూ జరపలేదని తేల్చాలి. దొంగ అన్న మాట పోతే కోపం కొంతన్నా దిగుతుందని నా ఆశ.

మా ఊళ్ళో ఆ పనికి కుర్రాళ్ళు ముందే పూనుకున్నారు. సెల్‌ఫోన్లు తీసి, తలకిందులుగా బోర్లించిన ఇంజన్ మీద వరసగా పెట్టి దిక్సూచి తెరిచారు. అయిదు ఫోన్లు అయిదు తూర్పులు చూపించాయి. ఒకడి ఫోన్ తూర్పు మా వైపు, ఇంకొకడిది వాళ్ళ వైపు. నువ్వు వాళ్ళకు అమ్ముడుపోయావంటే నువ్వు పోయావని వాళ్ళలో వాళ్ళే కాలర్లు పట్టుకున్నారు, ఒకడి పన్ను ఊడింది. ఇంజన్ నిండా ఇనుమే, ఫోన్ల అట్టలకు అయస్కాంతాలే, ముల్లు పాపం ఎటు తిరగాలో తెలియక తిరిగిందని చెప్పబోతే నన్ను కూర్చోమన్నారు.

కూర్చోలేదు. మా ఆయనకు వల వెయ్యడం వచ్చు, మీటలు నొక్కడం రాదు. అందుకని పడవలోని జీపీఎస్ పెట్టెలో వల దింపిన చోట్లకు గుర్తులు పెట్టేది ఎప్పుడూ నేనే. ఆ పెట్టెకు ఒక గుణం ఉంది. ఒకేచోట నిలబడి తూర్పు ఎటని అడిగితే దానికి చేతకాదు, బాణం పిచ్చి పట్టినట్టు తిరుగుతుంది. మనిషి కదలాలి. ఒకచోట గుర్తు పెట్టి, దూరంగా పోయి ఇంకో గుర్తు పెడితే, అక్కడి నుంచి ఇక్కడికి దిక్కు ఎంతో అంకె చూపిస్తుంది. ఎంత దూరం పోతే అంత కచ్చితం. సున్నా ఉత్తరం, తొంభై తూర్పు.

అయితే నేనొక్కదాన్నే కొలిస్తే వాళ్ళు నమ్మరు. వాళ్ళ ఊరి మనిషి ఒకరు పక్కన ఉండాలి. అక్కకు ఫోన్ చేశాను. దురాయి తర్వాత అదే మొదటిసారి.  అక్క ఒక్క మాటే అడిగింది.

"వాడు నా మొగుడి మీదికి వస్తాడా మేయ్?"

"వస్తాడు."

"అయితే నేనొస్తా."

పోలీసుల టెంటు ఉండబట్టి మమ్మల్ని ఎవరూ ఆపలేదు గానీ, రెండు వైపుల నుంచీ బూతులు మాత్రం గాలితో పాటు వస్తూనే ఉన్నాయి. ముందు టవరు దగ్గర గుర్తు, తర్వాత రాయి దగ్గర గుర్తు పెట్టాం. టవరు నుంచి రాయికి తొంభైకి కాస్త తక్కువ. తాతల గీత అది. తర్వాత గొడ్డళ్ళకు దొరకని మా పడవలో చివరి బెండు దాకా పోయి గుర్తు పెట్టాం. రాయి నుంచి బెండుకు అరవై ఆరు. అక్క ముఖం పాలిపోయింది. బెండ్లు ఉత్తరంగా వాళ్ళ నీళ్ళలోనే ఉన్నాయి. అంటే తమ్ముడు నిజంగానే జరిపాడా అన్నట్టు నాకేసి చూసింది. 

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారకముందే మళ్ళీ రాయి దగ్గరికి పోయాను. అక్క అప్పటికే అక్కడుంది. పొద్దు పొడిచింది. పడవ ముక్కు పొద్దుకు పెట్టి నేరుగా పోయాం. పోతుంటే పెట్టెలో అంకె నిలబడింది. మళ్ళీ అరవై ఆరుకు అటూ ఇటే. బెండ్లు ఒక్కొక్కటే మా పడవ పక్క నుంచి వరసగా దాటిపోయాయి. అక్క పడవలో కూలబడి ఏడ్చింది. బెండ్లు ఎవరూ జరపలేదు, జరిగింది పొద్దు. ఉగాదికి తూర్పున పొడిచేది ఎండాకాలం ముదిరేసరికి ఉత్తరంగా జరుగుతుంది. ఇళ్ళ ముందు నీడలు మారడం చూస్తూనే ఉంటాం, అయినా హద్దు వేసేటప్పుడు ఒక్కరికీ తట్టలేదు. ఎప్పుడూ ఉగాదికే వేశాం కాబట్టి పొద్దు అంటే తూర్పే అనుకున్నాం.

తమ్ముడు ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే పోలీసులు రెండూళ్ళనూ రాయి దగ్గరికి పిలిచారు. పెట్టెను నమ్మని వాళ్ళ కోసం మా ఊరి ముసలాయన ఒకాయన గంగమ్మ గుడి కట్టినప్పుడు వాళ్ళ నాయన చూసిన పద్ధతి చెప్పాడు. పలుగుతో ఇసుక తవ్వి తెడ్డు నిటారుగా నాటించాడు. దాని చుట్టూ తాడుతో సున్నా గీయించాడు. మధ్యాహ్నానికి ముందు తెడ్డు నీడ కొస సున్నాను తాకిన చోట ఒక గవ్వ, మధ్యాహ్నం దాటాక మళ్ళీ తాకిన చోట ఇంకో గవ్వ పెట్టించాడు. రెండు గవ్వల మధ్య తాడు లాగితే అది పడమర నుంచి తూర్పుకు పోయింది. టవరు, రాయి దాదాపు ఆ తాడు వెంటే ఉన్నాయి. బెండ్ల వరస దానికి చాలా ఎడంగా పోయింది. అందరూ చూశారు. ఎండలో అంతమంది నోరు మూసుకుని నిలబడడం మా ఊళ్ళలో నేనెప్పుడూ చూడలేదు.

బావ తల దించుకుని, దొంగతనం జరగలేదు, నేనన్న మాట తప్పు అన్నాడు. తమ్ముడు వినలేదు. వాడు బెండ్లకేసి చూస్తున్నాడు.

"అంటే నేనుండింది వాళ్ళ నీళ్ళలోనే గదా. దొంగా లేడు, తప్పూ లేదు. మరి నా వేళ్ళు ఎవరు తీసినట్టు?"

 నేను నానా తంటాలు పడి సాధించిన నిజం వాడి కోపాన్ని దించకపోగా, దానికి నిలబడే చోటు కూడా లేకుండా చేసింది. వాడు వంగి ఎడమచేత్తో ఇసుకలోని పలుగు తీశాడు. పోలీసులు లేచేసరికే బావకు ఎదురుగా ఉన్నాడు. బావ కదల్లేదు. అక్క వాళ్ళిద్దరి మధ్యకు వచ్చి, తన కుడిచెయ్యి రాయి మీద పెట్టింది.

"చెయ్యి కావాల గదా నీకు. ఇది తీసుకో. చిన్నప్పుడు నీకు అన్నం పెట్టింది ఇదే."

పలుగు లేచింది. నేను కళ్ళు మూసుకోలేదు, మూసుకోవాలన్నా మూతపడలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, పలుగు అక్క చేతికి పక్కన రాయి మీద పడింది. రాయి మూల ఎగిరిపోయింది. ఆ పెచ్చు తగిలి అక్క కనుబొమ చీలింది. రక్తం కారుతున్నా అక్క చెయ్యి తీయలేదు. తమ్ముడు మళ్ళీ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు, రాయినే. చేతిలో బలం అయిపోయి పలుగు జారిపోయాక అక్క వాడి తల తన పొట్టకు అదుముకుంది. బావ ముఖం తిప్పుకుని ఏడ్చాడు. నాకు మాత్రం కోపమే వచ్చింది. రాయి మీదా కాదు, బావ మీదా కాదు. అది ఎవరి మీదో తమ్ముడు మళ్ళీ అడిగేదాకా నాకూ తెలియలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో వాడు మళ్ళీ అదే అడిగాడు, ఎవరక్కా అని. విసిగిపోయి, ఆ పొద్దురా, పొద్దు తీసింది పో అన్నాను. వాడు నవ్వలేదు, తల ఊపాడు.

మరుసటి ఉగాది దాటాక బెండ్లు పెట్టెలోని అంకె ప్రకారం వేశారు. అయినా టెంకాయ మానలేదు, పొద్దు కోసం ఎదురుచూడడమూ మానలేదు. ఆచారం ఆచారమే. పడవ మళ్ళీ తమ్ముడే నడిపాడు. బావ పెట్టె పట్టుకుని అంకె చదివాడు. ఇద్దరూ ఆ అంకెలు తప్ప వేరే మాట మాట్లాడుకోలేదు. ఇప్పటికీ మాట్లాడుకోరు. కానీ బావకు రెండు చేతులూ ఉన్నాయి, మా తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు, అక్క పండక్కి మా ఇంటికొస్తుంది.

పొద్దు పొడిచినప్పుడు ఒడ్డున అందరం దండం పెట్టాం. పడవలో బావ కూడా పెట్టాడు. తమ్ముడు పెట్టలేదు. మూడువేళ్ళ చేత్తో చుక్కాని పట్టుకుని, కళ్ళు చిట్లించుకుని నేరుగా దాని ముఖంలోకి చూస్తూ పోయాడు. ఎందుకురా అని తర్వాత అడిగితే ఒకటే అన్నాడు.

"జరిగింది అదక్కా. నేను జరగలే."